ట్రాక్టరు రేడియేటరుకు తగిన మూతను ఎన్నుకొనుట

(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



పన్నుల వసూలును గూర్చియు, పారిశుద్ధ్యమును గూర్చియు ఈ తరగతులలో మీరు ఇదివరకే పెద్దల ఉపన్యాసములు వినియున్నారు. నేను చెప్పబోవునది అరచేతిలో ఇమిడెడి ఒక వస్తువును గూర్చి. అది ట్రాక్టరు రేడియేటరు మీది మూత. ఇంత చిన్న విషయమునకు ఒక ప్రసంగమా యని కొందరు నవ్వుకొనవచ్చును. కాని ఆ మూత చెడినప్పుడు దాని స్థానములో ఎట్టి మూతను కొని పెట్టవలెనో తెలియకపోవుటచే ఇంజనులు పాడగుటయు, డ్రైవర్ల చేతులు, ముఖములు కాలుటయు వర్క్‌షాపులలో పనిచేయువారికి క్రొత్త సంగతులు కావు.

తెలంగాణలో 2019లో ప్రారంభమైన పల్లె ప్రగతి కార్యక్రమము క్రింద పన్నెండు వేలకు పైబడిన గ్రామ పంచాయతీలకు ట్రాక్టరు, ట్రాలీ, నీటి ట్యాంకరు సమకూడినవి. ఆంధ్ర ప్రదేశములోను ట్రాక్టరులు గల పంచాయతీలు అనేకము కలవు. చెత్త యెత్తుట, మొక్కలకు నీరు పోయుట, ఎండకాలములో త్రాగునీరు చేరవేయుట మొదలగు పనులన్నియు ఆ బండిపైననే ఆధారపడియున్నవి. ట్రాక్టరు నాలుగు దినములు షెడ్డులో నిలిచినచో వీధిలో చెత్త నిలుచును. సర్పంచి వాకిట జనము నిలుచును. కావున ఇది మెకానిక్కు ఒక్కడే తెలిసికొనవలసిన విషయము కాదు. కొనుగోలునకు తీర్మానము చేయువారు మీరు, బిల్లుపై సంతకము చేయువారు మీరు.

డీజిలు ఇంజనులో కాలిన నూనెనుండి పుట్టిన వేడిలో సుమారు మూడవ వంతు మాత్రమే పనిగా మారును. మిగిలినదానిలో కొంత పొగగొట్టము గుండ పోవును. కొంత ఇంజను చుట్టును తిరుగు నీటిలోనికి చేరును. ఆ నీటిని రేడియేటరు చల్లార్చి తిరిగి పంపుచుండును. ఇంతవరకు అందరును ఎరిగినదే. ఆ నీటిపై ఒత్తిడిని నిలిపియుంచుటయే మూత చేయు ముఖ్యమైన పని యని మాత్రము చాలమంది ఎరుగరు. నీరు ఒలికిపోకుండ, దుమ్ము పడకుండ కాపాడుట మాత్రమే దాని పని యని తలంతురు. కుండకు మూకుడు పెట్టినట్లే యని వారి భావము.

మన వంటయిండ్లలోని ప్రెషరు కుక్కరును తలచుకొనుడు. తెరచియున్న గిన్నెలో నీరు సముద్రమట్టమున 100 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద మరగును. ఎంత మంట పెట్టినను అంతకంటె వేడెక్కదు. మూత బిగించి, పైన బరువు పెట్టినచో లోపలి ఒత్తిడి పెరిగి నీరు సుమారు 120 డిగ్రీలవరకు మరగకుండ నిలుచును. 1679లో డెనిస్ పాపిన్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఇట్టి పాత్రను నిర్మించి, అది ప్రేలకుండుటకై పిమ్మట దానికి బరువు గల కవాటమును అమర్చెను. రేడియేటరు మూత యనునది ఆ కవాటమునకు దూరపు చుట్టమే. బరువునకు బదులు ఇందులో స్ప్రింగు ఉండును.

ఆ స్ప్రింగు బలము ఎంతయో మూత నెత్తిపై అంకెలలో ముద్రింపబడియుండును. చదరపు అంగుళమునకు 7 పౌండ్ల ఒత్తిడిని నిలుపు మూత యున్నచో లోపలి నీరు 111 డిగ్రీల సమీపమున మరగును. 13 పౌండ్ల మూతకు 118 డిగ్రీలు దాటును. సగము నీరు, సగము కూలెంటు కలిపినచో మరుగు స్థానము ఇంకను పైకి పోవును. అట్టి మిశ్రమము 15 పౌండ్ల ఒత్తిడి క్రింద సుమారు 129 డిగ్రీలవరకు నిలుచును. మూత చెడి ఒత్తిడి నిలువనిచో ఈ లాభమంతయు పోయినట్లే. ఎత్తైన ప్రదేశములలో స్థితి మరికొంత కష్టము. హైదరాబాదు పీఠభూమిపై తెరచిన నీరు 98 డిగ్రీలకే మరగును. అరకు లోయలో 97కే. వేసవిలో రెంటచింతల వంటి చోట్ల, నిండు ట్యాంకరును లాగుకొని ఎగువకు ఎక్కు బండికి ఈ కొలది డిగ్రీల తేడాయే ఆధారము.

మరగినచో వచ్చు నష్టమేమి? నీరు కొంత ఆవిరియై పోవును, తిరిగి పోసికొందుము అని అనుకొనరాదు. ఇంజను తలకాయలో అత్యంత వేడియగు చోట్ల మొదట బుడగలు పుట్టును. బుడగ ఉన్నచోట లోహమును నీరు తాకదు. తాకనిచోట వేడి దిగదు. అచ్చట లోహము వంగును, గాస్కెట్టు తెగును. ఇది ఒక నష్టము. రెండవది కంటికి కనబడనిది. పెక్కు డీజిలు ఇంజనులలో పిస్టను తిరుగు లైనరు వెలుపలి గోడను నీరు నేరుగా తాకుచుండును. ఇంజను కొట్టుకొనునపుడు ఆ గోడ సన్నగా అదరును. ఆ అదరుటవలన నీటిలో అతి సూక్ష్మమైన బుడగలు పుట్టి, వెంటనే గోడపైననే పగులును. లక్షల పర్యాయములు ఇట్లు జరుగగా ఆ గోడపై చెదపురుగు తిన్నట్లు గుంటలు పడును. తుదకు గోడకు చిల్లి పడి నీరు ఇంజను నూనెలో కలియును. తగిన ఒత్తిడియు, తగిన కూలెంటును ఉన్నచో ఈ బుడగలు చాలవరకు అణగియుండును. డీజిలు బండికి సరియైన మూత అవసరమగుటకు ఇది ప్రత్యేకమైన కారణము.

ఇప్పుడు నా చేతిలోని ఈ మూతను తిరగవేసి చూపుచున్నాను. అంచున వెడల్పుగా ఒక రబ్బరు వాషరు కలదు. ఇది రేడియేటరు మెడ పైయంచుపై కూర్చుండును. క్రిందుగా స్ప్రింగు, దాని కొనను మరియొక రబ్బరు వాషరు ఉన్నవి. ఇది మెడ లోపలి మెట్టుపై కూర్చుండును. ఒత్తిడిని నిలుపునది ఈ క్రింది వాషరే. ఒత్తిడి నిర్ణీతమైన అంకెను దాటగానే స్ప్రింగు పైకి లేచి, అధికమైన నీరు ప్రక్కనున్న సన్నని గొట్టము ద్వారా నీటి సీసాలోనికి పోవును. నడుమ నాణెమంత చిన్న కవాటము మరియొకటి కలదు. ఇది లోపలివైపునకు తెరచుకొనును. ఇంజను చల్లారినప్పుడు నీరు కుంచించుకొని లోపల శూన్యమేర్పడును. అప్పుడు ఈ చిన్న కవాటము తెరచుకొని సీసాలోని నీటిని వెనుకకు రానిచ్చును. ఈ రాకపోకలు నిత్యము జరుగవలెను.

మూత చెడినదో లేదో మెకానిక్కు లేకుండగనే కొంతవరకు కనిపెట్టవచ్చును. ఉదయము ఇంజను చల్లగానున్నప్పుడు పై గొట్టము పీల్చుకొనిపోయినట్లు చదునుగా కనబడినచో చిన్న కవాటము పట్టుకొనిపోయినదని అర్థము. బండి గంటసేపు పనిచేసిన పిదప ఆ గొట్టమును గుడ్డతో నొక్కి చూచినప్పుడు అది గట్టిగా బిగిసియుండక మెత్తగా ఉన్నచో ఒత్తిడి నిలుచుట లేదు. మెడచుట్టును తెల్లని లేక పచ్చని పొక్కు కట్టుట, వాషరు బీటలు వారుట, సీసా నిండియున్నను రేడియేటరులో నీరు తగ్గియుండుట, ఇవియును గుర్తులే. కాని ఇంజను నడచుచున్నంతసేపు సీసాలో బుడగలు ఎడతెగక వచ్చుచున్నచో అది సాధారణముగా మూత దోషము కాదు. గాస్కెట్టు తెగి, మండిన వాయువు నీటిలోనికి చొచ్చుచున్నదని అనుమానింపవలెను. అప్పుడు ఎన్ని మూతలు మార్చినను ఫలము లేదు. అట్లే ఫ్యాను బెల్టు వదులైనను, రేడియేటరు రెక్కలలో ఊక, దుమ్ము నిండినను ఇంజను వేడెక్కును. తప్పంతయు మూతపై నెట్టరాదు. మంచి వర్క్‌షాపులో చేతిపంపు, గడియారము గల పరీక్షా సాధనముండును. మూతను దానికి బిగించి గాలి కొట్టినచో ఎంత ఒత్తిడికి తెరచుకొనుచున్నదో, ఆ లోపల ఎంతసేపు నిలుచుచున్నదో ముల్లే చెప్పును. ఇది రెండు నిమిషముల పని. ఈ పరీక్ష చేయించకుండ ఇంజను విప్పుటకు అనుమతి నీయకుడు.

ఇక క్రొత్త మూతను ఎన్నుకొను విషయము. దుకాణమునకు పోయి, మెడకు పట్టిన మూతను తెచ్చుకొనుట మన అలవాటు. పట్టుట వేరు, సరిపడుట వేరు. చెవులు మెడకు తగులుకొని మూత తిరిగినంత మాత్రమున లోపలి వాషరు మెట్టుపై కూర్చున్నదని నమ్మకము లేదు.

మొదట అంకె. పాత మూతపై నున్న అంకెను చూచి అదే అంకె గలదానిని తెచ్చుట చాలమంది చేయు పని. కాని ఆ పాత మూతను ఎవరు, ఎప్పుడు, ఎక్కడ మార్చిరో మీకు తెలియదు. అదియే తప్పుడు మూత కావచ్చును. కావున బండితో వచ్చిన పుస్తకములోని అంకెనే ప్రమాణముగా గ్రహింపవలెను. పుస్తకము పోయినచో డీలరు వద్ద ఇంజను నంబరు చెప్పి విడిభాగపు నంబరును వ్రాయించుకొనవలెను. పాతకాలపు ట్రాక్టరులలో పలువాటికి 7 పౌండ్ల మూతలుండెడివి. తరువాతి వాటిలో 13, 15 పౌండ్లవి సాధారణము.

అంకెలు వేరువేరు కొలతలలో ఉండుట మరియొక చిక్కు. ఒక మూతపై 13 అని, మరియొకదానిపై 0.9 అని, వేరొకదానిపై 88 లేక 90 అని ఉండును. ఈ మూడును ఇంచుమించు ఒకే బలము గలవి. మొదటిది చదరపు అంగుళమునకు పౌండ్లలో, రెండవది చదరపు సెంటీమీటరునకు కిలోగ్రాములలో లేక బారులలో, మూడవది కిలోపాస్కళ్లలో చెప్పిన కొలత. ఆ లెక్కన 7 పౌండ్లనగా సుమారు అర కిలోగ్రాము, 48 కిలోపాస్కళ్లు. 15 పౌండ్లనగా 1.05 కిలోగ్రాములు, 103 కిలోపాస్కళ్లు. 108 అని యున్నది 1.1 కిలోగ్రాముల మూత. ఈ లెక్క తెలియనివాడు 90 అంకె గల మూత 13 అంకె గలదానికంటె ఏడు రెట్లు బలమైనదని భ్రమించును.

బలమైన మూత పెట్టినచో ఇంజను ఇంకను వేడికి తట్టుకొనును గదా యని అడుగువారు కలరు. 7 పౌండ్ల కొరకు నిర్మించిన రేడియేటరునకు 15 పౌండ్ల మూత తగిలించినచో ఒత్తిడి వెడలుటకు మార్గము లేక, అతుకులు, పాత గొట్టములు, నీటి పంపు సీలు, వీటిలో ఏది బలహీనమో అది తెగును. అదియును నడిబాటలో, నిండు బరువుతో నున్నప్పుడే జరుగును. ప్రేలుటకంటె ముందుగా తెరచుకొనవలసినది మూత. దానిని అతిబలముగా చేయుట ఇంటికి కిటికీలు పూడ్చివేయుట వంటిది. తక్కువ అంకె గలది పెట్టినచో నీరు ముందుగానే మరగి సీసా పొంగిపోవును. రెండును నష్టమే, కాని బరువైన మూత చేయు నష్టము తొందరగా బయటపడదు గనుక అది ఎక్కువ మోసకరము.

రెండవది మెడ లోతు. పైయంచునుండి లోపలి మెట్టు వరకు గల లోతు అన్ని రేడియేటరులలో ఒక్కటి కాదు. సాధారణముగా కనబడునవి సుమారు 19 మిల్లీమీటర్లు, 25 మిల్లీమీటర్లు. ఇంజను చల్లగానున్నప్పుడు మూత తీసి, బడిపిల్లల స్కేలుతోనే కొలువవచ్చును. లోతు మెడకు పొట్టి మూత పెట్టినచో క్రింది వాషరు మెట్టును తాకనే తాకదు. మూతపై ఏ అంకె యున్నను ఒత్తిడి సున్న. పొట్టి మెడకు పొడుగు మూత పెట్టినచో స్ప్రింగు అధికముగా నలిగి, 13 అంకె గల మూత అంతకంటె చాల ఎక్కువ ఒత్తిడికి గాని తెరచుకొనదు. మూత బిగించునప్పుడు తుది పావు చుట్టులో చేతికి స్ప్రింగు ఎదురు తన్నుట తెలియవలెను. ఏమియు ఎదురు లేక వదులుగా తిరిగినచో అది పొట్టిది. రెండు చేతులతో నొక్కినగాని తిరగనిచో పొడుగైనది. దుకాణములో పాతదానిని, క్రొత్తదానిని బోర్లించి ప్రక్కప్రక్కన ఉంచి చూడుడు. తేడా కంటికే తెలియును.

మూడవది మూత జాతి. మీ బండికి నీటి సీసా ఉన్నచో పై వాషరు తప్పక ఉన్న మూతను కొనవలెను. పై వాషరు లేని పాతరకపు మూతను పెట్టినచో వేడికి నీరు సీసాలోనికి పోవును గాని, చల్లారునప్పుడు సీసాలోని నీటికి బదులు బయటి గాలిని పీల్చుకొనును. కొలది దినములలో సీసా నిండును, రేడియేటరు ఎండును. డ్రైవరు సీసాను చూచి నీరు నిండుగ ఉన్నదని తృప్తి పడును. కొన్ని మూతలకు పైన చిన్న పిడి యుండును. దానిని ఎత్తినచో తెరచుటకు ముందే ఒత్తిడి వెడలిపోవును. అంకె, లోతు సరిపోయినచో ఈ పిడి మూతనే కొనవలెనని నా సలహా.

వ్యానులు, అంబులెన్సులు, సంచార వైద్య వాహనములలో మూత తరచుగా రేడియేటరు మీద కాక ప్రక్కనున్న ప్లాస్టికు తొట్టిమీద మరలతో బిగియునదిగా నుండును. పోలిక ఒకటే, కవాటములు రెండును దానిలోనే ఉండును. మరల వెడల్పు, అంకె రెండును కలియవలెను. రంగును చూచి కొనుట వట్టి మాట.

ఒక గ్రామములో నేను చూచిన ట్రాక్టరుకు మూత పోయినది. దాని స్థానములో ఎవరో గోనెగుడ్డ ఉండ చుట్టి, కొబ్బరితాడుతో కట్టిరి. చెత్తబండి గదా, దూరము పోదు గదా యని వారి సమాధానము. ఆ వేసవిలోనే తలకాయ వంగినది. మూత వెల వందలలో తేలునది. ఆ మరమ్మతు వేలలో తేలినది. దానికి తోడు ఊరికి మూడు వారములు ట్యాంకరు లేదు. మరియొక చోట ఆడిటులో అభ్యంతరము వచ్చునని భయపడి, అతి తక్కువ వెల పలికిన పేరులేని మూతను కొనిరి. పొదుపు మంచిదే, కాని కొటేషనులో "రేడియేటరు మూత - 1" అని వ్రాసినచో దుకాణదారు తన యొద్ద నున్నదానిని ఇచ్చును. విడిభాగపు నంబరు, ఒత్తిడి అంకె, మెడ లోతు, ఈ మూడింటిని కొటేషనులోను, బిల్లులోను, స్టాకు రిజిస్టరులోను వ్రాయించినచో నకిలీ సరకు వచ్చినను తిప్పి పంపుటకు ఆధారముండును.

మూత తెరచుటను గూర్చి కొంచెము నిలిచి చెప్పవలసియున్నది. వేడి రేడియేటరులోని నీరు 100 డిగ్రీలు దాటియుండియు, ఒత్తిడి యున్నందుననే మరగక ఊరకున్నది. మూత తీసిన తక్షణము ఒత్తిడి పోవును; అప్పుడు ఆ నీటిలో కొంత భాగము ఒక్క పెట్టున ఆవిరియై, మిగిలిన నీటిని ముఖముపైకి చిమ్మును. వంగి చూచువాని కన్నులు, మెడ, రొమ్ము కాలును. డ్రైవరు జాగ్రత్తగా తీసినను తప్పదు. ఇది నీటి స్వభావము. కావున ఇంజను ఆపి అరగంటకు తక్కువ కాకుండ ఆగవలెను. పై గొట్టము చేతితో పట్టుకొనగలిగినంత చల్లారి, మెత్తబడిన పిమ్మటనే మందపు గుడ్డను మూతపై కప్పి, ముఖము ప్రక్కకు తిప్పుకొని, మొదటి మెట్టు వరకు మాత్రము త్రిప్పి ఆగవలెను. బుస్సుమను శబ్దము పూర్తిగా ఆగినపిదప నొక్కి తీయవలెను. ఆవురావురుమని వేడి ఇంజనులో చన్నీళ్లు పోయరాదు, తలకాయ పగులును. పొరపాటున ఎవరైన కాలినచో 20 నిమిషములపాటు కాలిన చోట చల్లని పారునీరు పోయవలెను. సిరా, సున్నము, పసుపు, పండ్ల పేస్టు పూయరాదు. 108కి ఫోను చేసి ఆసుపత్రికి చేర్చవలెను. ట్యాంకరు పనివేళ ముగియువరకు ఆగలేక, నీరెంత యున్నదో చూడుమని డ్రైవరును తొందరపెట్టువారు మనలోనే ఉన్నారు. ఆ తొందర మానుడు.

మూత చిరకాలము మన్నవలెనన్నచో నీటిని గూర్చి శ్రద్ధ వహింపవలెను. చవుడు గల బోరు నీటిని పోసినచో కవాటములపై సున్నపు పొక్కు కట్టి అవి సరిగా మూసికొనవు. బ్యాటరీలో పోయు శుద్ధజలమును, బండి పుస్తకములో చెప్పిన కూలెంటును కలిపి వాడవలెను. పాత కూలెంటును కాలువలోనో వీధి గుంటలోనో పారబోయరాదు. సాధారణముగా వాడు కూలెంటులో ఎథిలీన్ గ్లైకాల్ అను పదార్థముండును. అది తియ్యగానుండు విషము. కుక్కలు, పశువులు, తెలియని పసిపిల్లలు దానిని రుచిచూచు ప్రమాదము కలదు. డబ్బాలో పోసి మూతవేసి, పిల్లలకందని చోటనుంచి, వర్క్‌షాపువారికి అప్పగింపవలెను.

ప్రతి పంచాయతీయు సరియైన మూతను ఒకటి అదనముగా కొని, నూనె తగులకుండ సంచిలో చుట్టి, పనిముట్ల పెట్టెలో ఉంచుకొనుట ఉచితము. ఒత్తిడి అంకెను, విడిభాగపు నంబరును రేడియేటరు ప్రక్కన పెయింటుతో వ్రాయించుడు. డ్రైవరు మారినను, సర్పంచి మారినను ఆ వ్రాత అక్కడనే ఉండును. ఈ మూతను, ఈ పరీక్షా సాధనమును బల్లమీద ఉంచుచున్నాను. స్కేలు కూడ ఉన్నది. బయట నిలిపిన ట్రాక్టరు ఉదయమునుండి నడువలేదు గనుక చల్లగానే యున్నది. రండు, దాని మెడ లోతు మీరే కొలిచి చూడుడు.